పుక్కిలించి ఊసేసిన నీళ్లు

2011 వానాకాలం. మానుకోట చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా జై తెలంగాణ మాటే. ఆ ఏడాది నేను మరిపెడ, గూడూరు, కేసముద్రం రూట్లలో బస్సు కండక్టర్‌ని. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కానీ డ్యూటీ లేని రోజుల్లో శాఖా గ్రంథాలయంలో కూర్చొని ఆరోగ్యం పుస్తకాల బీరువా మొత్తం చదివినదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అన్ని పుస్తకాల్లోనూ మంచి అలవాట్ల జాబితా ఉంది. మా పనికి పనికొచ్చే వాక్యం మాత్రం ఒక్కటి దొరకలేదు.

కొత్తగా చేరిన ఆడ కండక్టర్‌కి సీనియర్లు మొదట నేర్పేది టిమ్ము వాడకం అనుకుంటారు. టిమ్ము అంటే టికెట్లు కొట్టే చేతి మిషన్. కాదు, మొదట నేర్పేది నీళ్లు తాగకుండా ఉండడం. పొద్దున చాయ్ తాగి బస్సెక్కితే మళ్లీ డిపోకి వచ్చేదాకా గొంతులోకి చుక్క దిగొద్దు. అరిచి అరిచి నోరెండితే నీళ్లు పుక్కిలించి కిటికీలోంచి ఊసెయ్యాలి. బుగ్గన లవంగం పెట్టుకోవాలి. ఎందుకంటే మేం తిరిగే ఊళ్లలో ఆడవాళ్లు పోయే చోటు లేదు. ఒక బస్టాండులో ఉంది, పేరు చెప్పను, దానికి తాళం. లోపల పార్సిల్ మూటలు.

ఈ విద్యలో మా అందరికంటే ఆరితేరింది షాహీన్. మొగుడు టైలర్, కుట్టుపని అంతంతమాత్రం. ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే. నోరు మాత్రం గట్టిది. "నాకు కడుపుల ట్యాంకు లేదక్కా, చిన్న లోటా ఉన్నది. అది కూడ ఖాళీ" అని నవ్వేది.

ఆ వానాకాలంలోనే డిపోలో హెల్త్ క్యాంప్ పెట్టారు. బయటినుంచి వచ్చిన డాక్టర్ తెర మీద బొమ్మలు వేసి చెప్పాడు: రోజూ నడవండి, కళ్లు మూసుకొని ధ్యానం చెయ్యండి, గంటకోసారి గ్లాసు నీళ్లు తాగండి. షాహీన్ లేచి నిలబడింది.

"తాగినంక అవి ఎటు పోవాలె సార్?"

మగవాళ్లంతా గొల్లున నవ్వారు. డాక్టర్ తరువాతి బొమ్మకు పోయాడు. అందులో ఒకావిడ సముద్రం ఒడ్డున యోగా చేస్తోంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేయడాన్ని చదువు అంటారా?

కొద్ది రోజులకే మరిపెడ ట్రిప్పులో షాహీన్ సీటు పట్టుకొని వంగిపోయింది. చలిజ్వరం, నడుములో పోట్లు. డ్రైవర్ సోమన్న బస్సును తిన్నగా దవాఖాన ముందు ఆపి నాకు ఫోన్ చేశాడు. అక్కడినుంచి వరంగల్‌కు తీసుకుపోయాను. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందని పెద్ద డాక్టరమ్మ చెప్పింది.

"నీళ్లు ఎంత తాగుతావమ్మా?"

"డ్యూటీల తాగను మేడం."

"చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా? ఇంకోసారి ఇట్లా వస్తే కిడ్నీ దక్కదు."

"ఆమెకు తెల్వక కాదు మేడం. మీ దవాఖానల మీకు గది ఉన్నది. మా బస్సుల లేదు" అన్నాను. ఆవిడ చీటీ రాసి నా చేతికిచ్చింది.

డ్యూటీ మార్చమని అడిగితే మా కంట్రోలర్, అంటే ఎవరు ఏ బస్సెక్కాలో రాసే ఆయన, తలెత్తకుండా అన్నాడు: "చేతగాకుంటే ఇంట్ల కూసోమను." షాహీన్‌కు ఇప్పుడు రెండే దారులు. కిడ్నీనో, కొలువో.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. డిపో ముందు టెంటు వేసుకొని కూర్చున్నాం. ఎదురుగా కిరాణా కొట్టు వాళ్ల ఇల్లు. ఆ ఇంటి శెట్టమ్మ మొదటిరోజే వచ్చి, "బిడ్డా, మా పెరట్లకు రాండ్రి, సిగ్గుపడకుండ్రి" అంది. జీతాలు లేవు. అయినా షాహీన్ పక్కన సీసా పెట్టుకొని రోజంతా నీళ్లు తాగింది. మొహంలో నెత్తురు తిరిగింది. సమ్మెలో ఉంటే తప్ప ఆడదాని ఒళ్లు బాగుపడని కొలువు ఇది!

మా డిమాండ్లలో ఈ ముక్క కూడా చేర్చమని యూనియన్ నాయకుణ్ని అడిగాను.

"ముందు రాష్ట్రం రానీ చెల్లే. మనిషికో బాత్రూం కట్టిపిస్త" అన్నాడు. మళ్లీ నవ్వులు.

"నీకు గోడ దొరుకుతదన్నా. మమ్ముల రాష్ట్రం వచ్చేదాక ఆపుకోమంటవా?"

నవ్వులు ఆగాయి. డిమాండ్ మాత్రం చేరలేదు. తెలంగాణ కోసం నేనూ గొంతు పోయేలా అరిచాను, లాఠీలకు ఎదురు నిలబడ్డాను. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది.

సమ్మె అయిపోయింది. షాహీన్‌కు గూడూరు రూటు పడింది. ఆ దారిలో ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. అక్కడి బాత్రూం వాడుకోనిమ్మని వార్డెనమ్మను నేను ముందే అడిగి ఒప్పించాను. కండక్టర్ రైట్ అననిదే బస్సు కదలదు. మాకున్న అధికారం అదొక్కటే. మొదటిరోజు నాకు డ్యూటీ లేదు, నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. హాస్టల్ ముందు షాహీన్ బెల్లు కొట్టి దిగింది.

"ఏందమ్మా, నడిమిట్ల ఆపి ఎటు పోతున్నవ్?" వెనకనుంచి ఒకాయన అరిచాడు.

"మీ ఇంట్ల ఆడోళ్లు పొద్దుగాల్ల ఎటు పోతరో గటే పోతున్న."

సోమన్న ఇంజన్ ఆపేశాడు. అప్పుడు ముందు సీట్లోని ముసలవ్వ కర్ర పట్టుకొని లేచింది. "ఆగు బిడ్డా, నేను గూడ వస్త. మానుకోటల ఎక్కినప్పటి సంది పానం గుంజుతున్నది." ఆమె వెనకే ఇంకో ఇద్దరు దిగారు. బస్సులో ఇంతమంది ఆడవాళ్లు పళ్లు బిగించుకొని కూర్చున్నారని ఇన్నేళ్లుగా టికెట్లు కొడుతున్న నాకే తెలియదు.

బస్సు ఆలస్యానికి మెమో వచ్చింది. కారణం రాయమన్నారు. షాహీన్ 'మూత్రానికి' అని రాసింది. డిపో మేనేజర్ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఆఫీసు కాయితం మీద ఇట్లాంటి మాట రాస్తరా?"

"దవాఖాన కాయితం మీద ఇంతకంటె ఖరాబు మాట ఉన్నది సార్. తెమ్మంటరా?"

ఆయన కాగితం మడిచి సొరుగులో వేసుకున్నాడు. శిక్ష వెయ్యలేదు, సదుపాయమూ ఇవ్వలేదు. షాహీన్ రోజూ అక్కడ బెల్లు కొడుతూనే ఉంది. నడుము పోటు మళ్లీ రాలేదు.

గ్రంథాలయానికి ఇప్పటికీ పోతాను. మంచి అలవాటుకు పట్టుదల ఉంటే చాలని చెప్పే కొత్త పుస్తకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. షాహీన్ సంగతి తరువాత నేను వాటిని చదివే తీరు మారింది. నీళ్లు తాగు, నడువు, నిద్రపో అని ఎవరు చెప్పినా ముందు నేను అడిగేది ఒకటే: దానికి చోటెక్కడ, తీరికెక్కడ? దానికి జవాబు లేనివాడు చెప్పేది సలహా కాదు, తిట్టు. జవాబు వచ్చేదాకా కూర్చుంటే కిడ్నీ ఆగదు. బెల్లు మనమే కొట్టాలి. బస్సెడు జనం గొణిగినా సరే.