నీళ్ళు పోయని గ్లాసు

విత్తనం మొలవడానికి నీళ్ళు కావాలో వద్దో మా మూడో తరగతి పిల్లలే కనుక్కోవాలని, పోయిన వారం రెండు గ్లాసుల్లో మట్టి నింపి అలసందలు నాటించాను. ఒకదానికే రోజూ నీళ్ళు పోశాను. ఈ రోజు చూస్తే రెండూ మొలిచాయి! పైగా నీళ్ళు పోయని గ్లాసులోనే మొలకలు పొడవు.

"ఇదెట్లా జరిగింది?" అన్నాను.

"మీరు దినామూ దీనికి పోసేది మరిసిపోతాండారు మేడం. నేనే పోస్తాండాను," అంది జాహ్నవి. "పాపం, ఎండిపోదా?"

"నేను గూడా పోసినా మేడం!" అంటూ సగం తరగతి చేతులెత్తింది.

వానను నమ్ముకున్న బైరెడ్డిపల్లె సేద్యగాళ్ళ పిల్లల ముందు విత్తనాన్ని ఎండబెట్టబోయాను మరి! ఈసారి ఆ గ్లాసును మా ఇంట్లో దాచుదామంటే, మా అత్తదీ ఈ ఊరే. మీలో గుండె రాయి చేసుకోగలవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, గ్లాసు మీ ఇంటికి పంపిస్తాను.