పరదేశి తాత నొక్కిన రెండో వరస

చెరకు మోపులో పాము కనిపిస్తే తోక పట్టి విసిరేసే మనిషి మా పరదేశి తాత. రైతు చేత మాట పడాలంటే మాత్రం హడలిపోతాడు. కశింకోట దగ్గర చెరకు కాటాలో ముప్పయ్యేళ్లుగా తూకం చీటీలు రాస్తున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఆయన్ని దొంగ అనలేదు. ఆ గీర ఆయన మీసం కంటే పెద్దది.

కాటాకి కంప్యూటర్ వచ్చేక, బరువు తెర మీదికి తెచ్చే ప్రోగ్రామ్ నేనే రాసేను. డిప్లమా సగంలో మానేసినా మొండిదాన్ని. వైర్లు తగిలించిన పోర్టులన్నీ అది వరసగా చూపించి, ఒకటి ఎంచుకోమంటుంది. పోర్టుల పేర్లు ఇంగ్లీషులో కామ్ 1, దాని కింద కామ్ 3. పెద్ద కాటా కామ్ 3 మీద. తాత ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే పక్కనున్న అంకె కూడా చూడడు. రెండో వరస నొక్కుతాడంతే.

మొన్న పొద్దున్న, బెల్లం దిమ్మలు తూచే చిన్న కాటాని కూడా కంప్యూటర్‌కి తగిలించి, దాని మీదే కూచుని జామకాయ తింటున్నాను. నానాజీ చెరకు ట్రాక్టరు పెద్ద కాటా ఎక్కింది. తాత రెండో వరస నొక్కేడు. తెర మీద యాభై నాలుగు కిలోలు.

“ఏటి పరదేశి మావా, బండెడు చెరకు యాభై నాలుగు కిలోలా?” నానాజీ నవ్వేడు. వెనక బళ్లవాళ్లు దిగొచ్చేరు. అతని నవ్వు ఆగిపోయింది. “ఇదిలాగ సెప్తే, నిన్నటి తూకం నిజమని ఏటి నమ్మకం?”

తాత మొహం పాలిపోయింది. తూకంలో మోసం చేసేడని పక్క ఊళ్లో కాటా గుమాస్తాని రైతులు గదిలో పెట్టి తాళం వేసిన సంగతి మాకిద్దరికీ తెలుసు. గుమ్మంలో అప్పటికే మనుషులు నిండిపోయేరు.

నేను చిన్న కాటా మీంచి లేచి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తేను. తెర మీద సున్నా పడింది. అప్పుడు తెలిసింది, ఆ యాభై నాలుగూ నేనే. చిన్న కాటా కామ్ 10 అయి కూచుంది. నా ప్రోగ్రామ్ అంకెల్ని కూడా అక్షరాల్లాగే పేర్చింది. పదిలో మొదటి అంకె ఒకటి కనక, అది మూడుకి ముందొచ్చేసింది.

“తప్పు నాది, తాతది కాదు,” అన్నాను.

“తాతని కాయడానికి సెప్తంది,” అన్నాడెవరో.

అందరూ చూస్తుండగా, పేరులోంచి అంకె విడదీసి, దాని విలువ ప్రకారం పేర్చేలా మార్చేను. రెండుసార్లు తప్పు కొట్టేను. చివరికి మూడు పైకి, పది కిందికి వెళ్లేయి. నానాజీ బండిని వెనక్కి తీసి, ఖాళీ ట్రాక్టరుతో పోతున్న రైతు ఎల్లారావుని కాటా ఎక్కించేరు. ఆ ఖాళీ బండి బరువు రాసిన నిన్నటి చీటీ అతని జేబులో ఉంది. ఖాళీ బండి బరువు నిన్నా ఇవాళా ఒకటే. నానాజీ తన బండిని మళ్లీ కాటా ఎక్కించేడు.

తాత మాత్రం మౌస్ ముట్టుకోలేదు.

“ఇందూ, ఇదేనా మూడు?” తెర మీద వేలు పెట్టి అడిగేడు.

“అదే తాతా.”

“మళ్లీ సూడు.”

ఏడిపిద్దామని పది అనబోయేను. ఆయన వేలు ఇంకా ఆ మూడు మీదే ఉంది. మళ్లీ చూసేను.