గోదాము వైపు కిటికీ

వికారాబాద్‌లో రైలు కదిలాక ఎదుటి సీటు పెద్దమనిషి నన్ను ఒక్కటే అడిగాడు. "తాండూరు దగ్గరపడ్డంక జర కిటికీ ఇస్తరా సారూ?"

తాండూరులో పట్టాల పక్కనున్న ఒక కందుల గోదాముకు ఆయన ఒకప్పుడు మేనేజరుగా చేశాడట. వానాకాలంలో నేల చెమ్మకు అడుగు బస్తాలు బూజు పట్టేవి. బస్తాల కింద చెక్కలు పరిచే పద్ధతి ఆయనే పెట్టాడు. హమాలీలు గొణుగుతూనే పరిచారు. అంతలో ఆయనకు బదిలీ అయింది.

"దిగి చూసి రావచ్చు కదా?" అన్నాను.

"దిగితే నన్ను జూసి చెక్కలు ఏస్తరు. నేను లేనప్పుడు ఏం జేస్తున్నరో గది జూడాలె."

గోదాము ఎదురుగా రైలు సిగ్నల్‌కు ఆగింది. నేను జరిగి ఆయనకు కిటికీ ఇచ్చాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన కళ్లు చిట్లించి చూశాడు.

"చెక్కలు లెవ్వు," అన్నాడు.

ఆయన ముఖం చూడలేక నేనూ గోదాము వైపే చూశాను. బస్తాల కింద నాపరాళ్లు జానెడు ఎత్తున పేర్చి ఉన్నాయి. వేలెత్తి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. "చెక్కలకు చెదలు పట్టుంటది. గీ ముచ్చట నాకు తోచనే లేదు," అన్నాడు. రైలు కదిలింది. "ఇంగ నేను జూసుడు అక్కర్లేదు," అంటూ కిటికీ నాకిచ్చేశాడు.

తర్వాత నేనూ ఒక ఆఫీసు నడిపాను. నా పద్ధతిని ఎవరో మార్చారని తెలిసినప్పుడల్లా "ఎవరు మార్చమన్నారు?" అన్న మాట నోటిదాకా వచ్చేది. ఆ గోదాము గుర్తొచ్చి, ముందు బస్తాల కింద ఏముందో చూసి వచ్చేవాణ్ని.