ప్లాస్టిక్ బియ్యమని పంపింది మనవాళ్లే

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మాకు వార్తలు రైస్ మిల్లు షెడ్డులోనే దొరికేవి. పొద్దున సావుకారి చదివి పక్కన పడేసిన పేపరు అన్నం వేళకు హమాలీల చేతికి వచ్చేది. వాళ్లలో చదువు వచ్చింది సాయిలు మామ ఒక్కడికే. బస్తా మీద కూర్చుని గొంతెత్తి చదివేవాడు. మా నాయనమ్మ చేటతో నూకలు చెరుగుతూ వినేది. ఆమెకు అక్షరం ముక్క రాదు... కానీ ఆమె ముందు అబద్ధం చెప్పి బయటపడటం కష్టం.

ఒకరోజు ఒకాయన సైకిలు పారేసి షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. "సాగర్ కట్ట తెగిందట! ఉరుకుండ్రి!" అన్నాడు. అంతే... మిల్లు ఆగింది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకున్నారు. నేనైతే ఏడుపు లంకించుకున్నాను.

నాయనమ్మ చేట కూడా కింద పెట్టలేదు.

"నువ్వు సూసినవా?"

"లేదు... పెద్దవూర దిక్కు నుంచి వచ్చిన లారీ డ్రైవర్ చెప్పిండు."

"ఆయన సూసిండా?"

"ఆయనకు ఛాయ్ హోటల్ కాడ ఎవలో చెప్పిండ్రట."

"అయితే ఆ నీళ్లు ఛాయ్ హోటల్లనే పుట్టినయ్. సావుకారిని జర రేడియో పెట్టమను. అందాక కూసోండ్రి."

రేడియోలో వరి తెగుళ్లకు మందులు చెప్పారు... పాటలు వచ్చాయి... వార్తలూ వచ్చాయి. కట్ట ఊసే లేదు. సైకిలాయన మెల్లగా జారుకోబోతుంటే నాయనమ్మ వదల్లేదు. ఎవరెవరికి చెప్పాడో వాళ్లందరి దగ్గరికీ పోయి అది అబద్ధమని చెప్పి రమ్మంది. పాపం, సాయంత్రం దాకా వాడకట్టంతా తిరిగాడు.

పేపర్లు, రేడియోలు అబద్ధాలు ఆడవని నేను అనను. అవీ ఆడాయి. తర్వాత ఒక్క ముక్కనే రోజంతా తిప్పి తిప్పి చూపించే టీవీ ఛానళ్లూ వచ్చాయి. కానీ వాటికైనా ఒక పేరుండేది... తిట్టాలంటే ఉత్తరం రాయడానికి ఒక అడ్రసుండేది. ఇప్పుడు ఫోన్లో వచ్చేదానికి అమ్మా లేదు, అబ్బా లేదు.

ఇదంతా ఎందుకంటే... ఒళ్లు మండి రాస్తున్నాను. ఎవరేమనుకున్నా సరే.

కిందటి నెల మా ఇంటోళ్ల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఒకామె అన్నం ముద్ద చేసి నేలకేసి కొడుతుంది, అది బంతిలా ఎగురుతుంది. కింద "మన బడులకు ప్లాస్టిక్ బియ్యం... పిల్లలకు తినిపించకండి... అందరికీ పంపండి" అని రాసి ఉంది. సౌండ్ పెట్టి వింటే ఆమె మాట్లాడేది తెలుగే కాదు. కానీ సౌండ్ పెట్టేదెవరు? పంపింది మా చిన్నాయన కొడుకు రమేష్. వడ్ల రాశుల మధ్య పుట్టి పెరిగినవాడు. ఇప్పటికీ రైస్ మిల్లులోనే పని!

నాలుగు రోజులకు ఆ వీడియో కోదాడ దగ్గర ఒక ఊరి బడికి చేరింది. అక్కడ మధ్యాహ్న భోజనం వండేది సైదమ్మ. మా సాయిలు మామ బిడ్డ... నాకంటే రెండేళ్లు చిన్నది. తల్లిదండ్రులు గుంపుగా వచ్చి గంజి వంచిన అన్నం గిన్నెను బోర్లా తోశారు. ఒకడు ఆమె ముఖానికి ఫోన్ పెట్టి "ఇగో, గీమెనే కలిపేది" అన్నాడు. ఇప్పుడు ఆ వీడియో కూడా తిరుగుతోంది. తర్వాత ఆఫీసర్లు వచ్చి చూసి, అన్నంలో అక్కడక్కడ వేరుగా కనిపించేవి బలం కోసం విటమిన్లు పట్టించి, బియ్యప్పిండితో చేసి కలిపే గింజలని, ఏ దోషమూ లేదని చెప్పారు. ఆ మాటను మాత్రం ఒక్కడూ ఎవరికీ పంపలేదు.

రమేష్‌కు ఫోన్ చేశాను.

"ఆ గింజలు కలిపేది మీ మిల్లులనే గదరా? నీ చేతులతోనే కలుపుతవ్ గదరా?"

"అవునక్కా... గని వీడియోల ఉన్నయ్ వేరే అనుకున్న."

"అనుకున్నవా? గ్రూపుల తప్పని పెట్టు. సైదమ్మ ఇంటికి పోయి చెప్పు."

"నేనొక్కన్నే పంపిన్నా అక్కా? నాకొచ్చింది, పంపిన. మంచికే గదా."

మంచికేనట! రోజూ గుప్పిట్లో పట్టే బియ్యాన్ని నమ్మడు, ఎక్కడిదో తెలియని వీడియోను నమ్ముతాడు. వాడు చదువు రానివాడా అంటే డిగ్రీ ఉంది. ఎందుకురా ఆ డిగ్రీ!

మొన్న ఆదివారం నేనుంటున్న సూర్యాపేటలో బస్సెక్కి సైదమ్మ ఇంటికి వెళ్లాను. పదిహేను రోజులుగా బడికి పోవడం లేదట. రమ్మని హెడ్మాస్టరు కబురు పంపినా కదల్లేదట.

"పోదామనే అనుకుంట అక్కా. గని పిల్లలు ప్లాస్టికమ్మ అంటున్రు. పదేండ్ల సంది నా చేతి అన్నం తిన్న పిల్లలు..."

ఛాయ్ ఇచ్చింది. మెల్లగా అడిగింది.

"అక్కా... నీ ఫోన్లకు గూడ వచ్చిందా అది?"

వచ్చిందన్నాను.

"మరి నువ్వేమన్నవ్?"

ఏమనలేదు. అది వచ్చిన రోజే చూశాను... ఆదివారం పూట మనవాళ్లతో గొడవెందుకులే అనుకుని వేలితో పైకి జరిపేశాను. ఆ సంగతి సైదమ్మకు చెప్పలేక, రమేష్‌ను అన్ని మాటలన్న నోటితోనే ఛాయ్ తాగాను.

అప్పట్లో వార్త మా షెడ్డులోకి రావడానికి సగం రోజు పట్టేది, అయినా నలుగురం నోరు తెరిచి అడిగేవాళ్లం... ఇప్పుడు అరక్షణంలో వస్తుంది, ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని చూస్తాం. మీ ఇంటి గ్రూపుల్లోనూ ఇలాంటివి వచ్చే ఉంటాయి. అబద్ధమని తెలిసీ మీరు ఊరుకున్నది ఏమిటో రాయండి... అది ఎవరి పొయ్యి ఆర్పిందో తెలిస్తే, ఆ పేరు కూడా రాయండి.