ఖాళీగా ఉన్న ఇంటిపేరు గడి

టెక్కలి గుమస్తాగారి అమ్మాయి అనుపమకు తన పని మీద కాస్త గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది? 2008లో పలాసలో వెబ్ అప్లికేషన్ రాయగలిగినవాళ్లు ఎందరున్నారు గనక! కిడ్నీ జబ్బుతో ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల రక్తపరీక్షల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉండేలా, ఒక స్వచ్ఛంద క్లినిక్‌కు ఆమె ఒక్కతే కూర్చుని రాసిపెట్టింది.

ఊరూరా శిబిరాలు పెట్టేసరికి వివరాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. ఒక్క మనిషిని వెతకాలంటే కంప్యూటర్ ఆ వివరాలున్న టేబుల్ మొత్తాన్ని మొదటి వరస నుంచి చదువుకుంటూ పోయేది. విశాఖ నుంచి శుక్రవారాలు వచ్చే డాక్టర్ నీలకంఠం మధ్యాహ్నం రైలు అందుకోవాలి. పాత రిపోర్టు తెరుచుకోనిదే ఆయన ఎవరినీ చూడడు.

దీనికి మందు ఇండెక్స్ అని అనుపమకు తెలుసు. పుస్తకం చివర పేజీ నంబర్ల పట్టిక ఉన్నట్టు, టేబుల్‌కూ ఒకటి కట్టిపెడితే కంప్యూటర్ నేరుగా కావలసిన వరస దగ్గరికే పోతుంది. అప్లికేషన్ రాయడానికి ఆమె వాడే ఫ్రేమ్‌వర్క్‌లో అదెంత పని! ఒక చిన్న ఫైలు, అందులో ఒక్క లైను. ఏ కాలమ్ మీద కట్టాలన్నది మాత్రం ఆలోచించనే లేదు. వాళ్లింట్లో గడప తొక్కినవాళ్లను మొదట అడిగేది ఇంటిపేరే మరి. ఇంటిపేరు మీదే కట్టింది. ఒక ఇంటిపేరు కొట్టి చూస్తే రెప్పపాటులో వచ్చేసింది. మురిసిపోయింది.

కౌంటర్ దగ్గర రోగుల వరస మాత్రం కదల్లేదు. నెట్ నెమ్మది కాబోలని సరిపెట్టుకుంది పాపం. నెల దాటాక ఒక శుక్రవారం విసుగెత్తి, కౌంటర్‌లో పనిచేసే ఉమామహేశ్వరి పక్కనే వెళ్లి కూర్చుంది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి దేముడమ్మ అనే ఆవిడ భర్త నూకయ్యను పట్టుకుని వచ్చింది. ఆయన సముద్రం మీద చేపల వేటకు వెళ్లడం మానేసి చాన్నాళ్లయింది. ఉమామహేశ్వరి ఊరు కొట్టింది, పేరు కొట్టింది, తండ్రి పేరు కొట్టింది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసింది.

"ఇంటిపేరు కొట్టవేమే?" అంది అనుపమ.

"అది కొట్టి ఏటి సేత్తాను? ఆ ఊల్లో సగం మందిది ఒకటే ఇంటిపేరు. నూకయ్యలూ బోలెడు మంది. తండ్రి పేరు సెప్తేనే మనిసి దొరుకుతాడు."

అనుపమ ముఖం వెలవెలబోయింది. గడి ఖాళీగా ఉంటే తను కట్టిన ఇండెక్స్ జోలికి కంప్యూటర్ వెళ్లనే వెళ్లదు. గబగబా లోపలికి పోయి ఊరు, పేరు, తండ్రి పేరు మూడూ కలిపి కొత్త ఇండెక్స్ కట్టింది. ఉమామహేశ్వరి మళ్లీ నొక్కింది. నొక్కీ నొక్కగానే నూకయ్య రిపోర్టులన్నీ వచ్చేశాయి.

సంచీ సర్దుకుంటున్న డాక్టర్ ఆగి చూశాడు. నూకయ్య వాడుతున్న ఒళ్లునొప్పుల మాత్రలే కిడ్నీలను తినేస్తున్నాయని, వెంటనే మానెయ్యమన్నాడు.

"నెల ముందే వచ్చి ఉంటే కిడ్నీలు ఇంత దెబ్బతినేవి కాదమ్మా."

"వచ్చేం బాబూ," అంది దేముడమ్మ. "మా కాయితం రాకముందే తమరు రైలుకి ఎల్లిపోనారు."

గుమ్మంలో నిలబడ్డ అనుపమ ఆ మాట విన్నది. అప్పటికే తను ఇండెక్స్ కట్టేసి మురిసిపోతోందని గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు. దేముడమ్మ కంగారుగా దగ్గరికి వచ్చి కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"ఏటమ్మా, ఎందుకేడుత్తన్నావు? ఇయ్యాల సూసినారు కదా."