ఫ్రాన్సు కొండ ఊరి రొట్టెతో మా అమ్మ చేసిన ఉప్మా

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లోని రిఫాలో ఓ శుక్రవారం పొద్దున్న, క్లోదెత్ మేడమ్ గారి వంటింట్లో మా అమ్మ బండరాయిలాంటి రొట్టె ఒకటి చేత్తో పట్టుకుని తెగ బాధపడిపోతోంది.

"అయ్యయ్యో, ఇంత పెద్ద రొట్టె ఎలా ఎండిపోయిందో చూడవే! పాపం, గుడ్డలో చుట్టి మర్చిపోయినట్టుంది ఈవిడ..."

మేడమ్ వాళ్ళది ఫ్రాన్సు. భర్త ఉద్యోగం మీద బహ్రెయిన్ వచ్చారు. మా నాన్న ఓ కంపెనీలో డ్రైవరు, అమ్మ వాళ్ళ విల్లాలో పని చేసేది. బడికి సెలవుండే శుక్రవారాల్లో నన్నూ వెంటేసుకెళ్ళేది. నాకు ఇంగ్లీషు వచ్చు కదా... వాళ్ళిద్దరి మధ్యా మాటలు మోసే ఉద్యోగం నాది!

మాది గోదావరి వైపు. చద్దన్నం పారేస్తేనే ఊరుకోని మనిషి మా అమ్మ, ఇక రొట్టె పారేస్తుందా? కత్తి పెడితే దిగలేదు. పచ్చడిబండతో నాలుగు దెబ్బలేసి ముక్కలు చేసి, నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండేసి, పొడిపొడిగా చిదిపింది. మేడమ్‌కి మన తాలింపంటే ప్రాణం, అందుకని అమ్మ పోపుల డబ్బా ఒకటి అక్కడే ఉండేది. ఆవాలు, మినప్పప్పు, వేరుశెనగ గింజలు, పచ్చిమిర్చి, కరివేపాకు... ఇల్లంతా ఘుమఘుమ!

మేడమ్ బజారు నుంచి వచ్చారు. అలమరా తెరిచారు. ఖాళీ గుడ్డ చేతిలోకి తీసుకుని, "నా రొట్టె ఏదమ్మా?" అని నన్నడిగారు.

అమ్మకి చెప్పాను. అమ్మ వెలిగిపోతున్న మొహంతో మూకుడు వైపు చూపించింది.

ఆవిడ కుర్చీలో కూలబడిపోయారు...

అది వాళ్ళ ఊరి రొట్టెట. వాళ్ళ అన్నయ్య పంపాడట. ఆ కొండల మీద కట్టెలకి కరువు, అందుకని ఊరందరికీ ఒకటే పొయ్యి... అదీ ఏడాదికి ఒక్కసారే వెలిగిస్తారట. ఆ రొట్టెల్ని కావాలనే ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారట. మళ్ళీ రొట్టె కావాలంటే వచ్చే ఏడు దాకా ఆగాల్సిందే.

నేను ఈ మాట చెప్పగానే అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొంప ముంచానే తల్లీ! ఈ పని పోతే మీ నాన్న ఒక్కడి జీతంతో ఇక్కడ ఎలా ఉంటామే? మనిద్దరం ఊరెళ్ళిపోవాలి, ఆయన లేబర్ క్యాంపులో పడుండాలి..." అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న లేకుండా ఉండటమా!

మేడమ్ లేచి మూకుడు దగ్గరికి వచ్చారు. చెంచాతో కాస్త ఉప్మా తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. ఇంకో చెంచా... ఉన్నట్టుండి నవ్వారు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"మా ఊళ్ళోనూ దీన్ని నానబెట్టుకునే తింటాం, సూపులో వేసుకుని. మా అమ్మ మిరపకాయలు వేసేది కాదు, అంతే తేడా!"

అమ్మ అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. మేడమ్ చెయ్యి పట్టి లేపి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. మా ముగ్గురికీ ఉప్మా ఆవిడే వడ్డించారు!

తన పళ్ళెంలో ఉప్మాని రెండు కుప్పలు చేసి, మధ్యన చెంచాతో లోయ గీసి, ఓ వేరుశెనగ గింజ పెట్టి "ఇదే మా ఊరు" అన్నారు. మేం నోరెళ్ళబెట్టి చూశాం. బహ్రెయిన్‌లో పుట్టి పెరిగిన నాకు కొండంటే ఇక్కడి ఎడారి మధ్యన ఉన్న ఓ చిన్న గుట్టే మరి...

ఆ ఊరి ఇళ్ళ కప్పులు రాతి పలకలట. కింద ఆవులు, పైన మనుషులు, అటక మీద గడ్డి... ఆవుల వెచ్చదనంతోనే చలికాలం గడిపేవారట. కొండ అడ్డం వచ్చి కొన్ని వారాలు ఊళ్ళో ఎండే పడదట. "పుణ్యం చేసుకున్నారు!" అంది రిఫా ఎండల్లో మాడిపోయిన మా అమ్మ.

పాతకాలంలో మంచు పడే ముందే మగాళ్ళు మూటలు భుజానేసుకుని కిందికి దిగి, ఊరూరా సామాన్లు అమ్ముకుని, మంచు కరిగాక తిరిగొచ్చేవారట. ఆడవాళ్ళూ పిల్లలూ ఆ రొట్టెతోనే నెట్టుకొచ్చేవారట.

"అయితే వాళ్ళకీ గల్ఫ్ ఉందన్నమాట..." అంది అమ్మ.

ఒకే పొయ్యిలో ఎవరి రొట్టె ఏదో ఎలా తెలుస్తుందని అడిగింది. ఇంటికో చెక్క అచ్చు ఉంటుందట, పిండి మీద గుర్తు వేస్తారట. "మన గిన్నెల మీద పేరు కొట్టించుకున్నట్టే!" అంటూ అమ్మ తన క్యారేజీ మూత తెచ్చి చూపించింది. అక్షరానికి ఇంతని డబ్బులడిగితే, సత్యవతి అన్న తన పేరంతా కొట్టించలేక 'స' ఒక్కటే కొట్టించింది. మేడమ్ ఆ అక్షరం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసుకున్నారు. ఎందుకో మాకు అర్థం కాలేదు.

మరుసటి చలికాలం ఊరి నుంచి రెండు రొట్టెలొచ్చాయి. ఒకదాని మీద మేడమ్ వాళ్ళింటి గుర్తు. రెండోదాని మీద... కాస్త వంకరగా... 'స'!

వాళ్ళ అన్నయ్య మాకోసం అచ్చు చెక్కించాడట. అమ్మ ఆ రొట్టెని చంటిపిల్లలా గుండెకి హత్తుకుంది.

మేడమ్ వాళ్ళు ఫ్రాన్సు వెళ్ళిపోయాక కూడా ఏటా రొట్టె వచ్చేది. నిరుడు మేడమ్ పోయారు. ఆవిడ అన్నయ్య అంతకు ముందే పోయాడు. "ఇంక రొట్టె రాదులేవే" అని అమ్మ చాలా రోజులు దిగులుపడింది.

మొన్న ఇక్కడే బహ్రెయిన్‌లో, ముహర్రక్‌లో మేమిప్పుడుంటున్న ఫ్లాటుకి పార్సిల్ వచ్చింది. విప్పితే 'స' గుర్తున్న రొట్టె! మేడమ్ మేనకోడలికి ఫోన్ చేశాను. ఆ ఊళ్ళో ఇప్పుడు సగం ఇళ్ళకి తాళాలేనట. అయినా పొయ్యి వెలిగించే రోజు అచ్చులన్నీ బయటికి తీస్తారట. "మీ ఇంటి అచ్చు కూడా ఉందిగా... మిమ్మల్ని ఎలా వదిలేస్తాం?" అంది ఆ అమ్మాయి.

ఇక్కడ ఎన్ని అద్దె ఇళ్ళు మారామో... రిఫాలో ఆ విల్లా కూడా ఇప్పుడు లేదు. ఎన్నడూ చూడని ఆ కొండ మీద మాత్రం మాదీ ఓ ఇల్లని లెక్క. చూడని ఊరు ఏదైనా మిమ్మల్ని ఇలా తనలో కలుపుకుందా? కలుపుకుని ఉంటే చెప్పండి, మా అమ్మకి చదివి వినిపిస్తాను.

ఇది రాస్తుంటే వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. అమ్మ నా పళ్ళెంలో ఉప్మా రెండు కుప్పలు చేసి, మధ్యన ఓ వేరుశెనగ గింజ పెట్టి తెచ్చింది... "ఇదిగోనే, మన ఊరు."