ముందు నీళ్లు, తర్వాత మాటలు

అమ్మాయిల హాస్టల్ వెనక లాండ్రీ గదిలో పనిచేసే ఆవిడకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతమిచ్చే ఆఫీసు వాళ్లకు అది తెలుసేమో గానీ హాస్టల్లో మాత్రం ఆవిడ మరకలక్క. సిరా, గ్రీజు, కాఫీ, రక్తం, ఏ మరకైనా సరే ఆవిడ చేతిలో పడితే దాని పని అయిపోయినట్టే. మెషీన్లు వచ్చాక కూడా అమ్మాయిలు మంచి బట్టలు ఆవిడకే ఇచ్చేవారు.

ఈ పని ఆవిడకు నేర్పింది అత్తగారు. ప్రేమగా నేర్పిందని మాత్రం ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆ మహాతల్లి మొదటి పాఠం ఒకటే: మరకను ఆరనివ్వకూడదు. ఆరిన మరక చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసిన బంధువులాంటిది, పొమ్మన్నా పోదు. అందుకే బట్టలు పట్టుకుని ఎవరు గుమ్మంలో నిలబడినా, సంగతేమిటో చెప్పబోయేలోపే మరకలక్క “ముందు నీళ్లు, తర్వాత మాటలు” అంటూ లాక్కుని చన్నీళ్ల తొట్టిలో పడేసేది.

కాలేజీలో విద్యార్థుల సహాయ కేంద్రం ఉంది. అక్కడి కౌన్సెలర్ ఒకసారి హాస్టల్ సిబ్బందినందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఏ అమ్మాయైనా తన మీద అత్యాచారం జరిగిందని చెబితే నమ్మండి, ప్రశ్నలతో వేధించకండి, ఏం చెయ్యాలో ఆమెనే తేల్చుకోనివ్వండి అంది. అప్పుడు వేసుకున్న బట్టలు సాక్ష్యం గనక, ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలని కూడా చెప్పింది. అప్పటిదాకా హాయిగా కునుకు తీస్తున్న మరకలక్క, ఉతకొద్దన్న ముక్క చెవిన పడగానే ఉలిక్కిపడి లేచింది. బట్టలు ఉతకొద్దనే మనిషిని ఆవిడ చూడడం అదే మొదలు.

రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. అందరూ గలగల అని పిలిచేవారు, నోరు అస్సలు మూతపడదని. ఒక ఉదయం ఆ అమ్మాయి బట్టల మూటతో వచ్చి, తొందరగా ఉతికెయ్యమని గొణిగింది. మరకలక్క మూట విప్పి, చేతికందిన చొక్కాను అలవాటుగా తొట్టిలో ముంచేసింది. ప్యాంటు కూడా ముంచబోయి ఎందుకో ఆగింది. గలగల ఉన్న గదిలో అంత నిశ్శబ్దం ఉండడానికి వీల్లేదు. తలెత్తి చూస్తే మెడ మీద గోళ్ల గీతలు. చురుక్కుమన్నట్టు చొక్కాను బయటికి లాగింది గానీ అప్పటికే అది నిలువునా తడిసిపోయింది.

ఆవిడ చేతులు తుడుచుకుని, మెషీన్లు ఆపేసి, అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. కాసేపటికి గలగలే చెప్పింది. ముందురోజు సాయంత్రం ప్రాజెక్టు పని ఉందని సీనియర్ ఒకడు ల్యాబ్‌కి పిలిచాడు, తలుపు గడియ పెట్టాడు, వద్దన్నా వినలేదు.

“నేనే వెళ్లాను కదక్కా,” అంది చివరికి.

“నువ్వు వెళ్లింది ల్యాబ్‌కి. తప్పు చేసింది వాడు. నేను నిన్ను నమ్ముతున్నాను తల్లీ,” అంది మరకలక్క. “ఉతకమంటే ఉతికేస్తాను, ఎవరికీ చెప్పను. కానీ ఉతికాక సాక్ష్యం మళ్లీ కావాలన్నా తేలేం. కౌన్సెలర్ మేడమ్‌తో ఒక్కసారి మాట్లాడి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.”

గలగల తొట్టివైపు చూసి, ఉతకొద్దంది.

కౌన్సెలర్ వచ్చింది. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. స్నానం చేసేశానని గలగల ఏడిస్తే, దానివల్ల మునిగిపోయిందేమీ లేదని, తడిసిన చొక్కా కూడా ఇవ్వమని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. బయట మరకలక్క తన కుడిచేతిని ఎదురుగా పెట్టుకుని, అత్తగారి దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ దానికి అప్పగించింది.

కాలేజీ విచారణ మొదలైంది. సీనియరేమో నోట్లో వేలు పెడితే కొరకలేనివాడని పేరు. చొక్కా తడిసింది గనక ఇదంతా ఆ అమ్మాయీ లాండ్రీ ఆవిడా కలిసి అల్లిన కథ అని అతని తరఫువాళ్లు పట్టుకున్నారు. ఎలా తడిసిందో తెలియదని చెప్పి తప్పుకో, లేకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందేనని మరకలక్క భర్త భయపడ్డాడు. ఆవిడకూ భయం వేసింది. వేసినా వెళ్లి, కమిటీ ముందు నిలబడింది.

“చొక్కా నీళ్లలో వేసింది నేను. ఆ పిల్ల కాదు. మరక కనబడితే ఆగని చెయ్యి ఇది. తొందరపడింది నేనైతే అబద్ధాలకోరు ఆమె ఎలా అవుతుంది?”

అప్పటిదాకా తల వంచుకుని పొడిపొడిగా జవాబిస్తున్న గలగల తల ఎత్తింది. మొదటి నుంచీ మొత్తం, ఆ సీనియర్ మొహంలోకి చూస్తూ చెప్పింది. మధ్యలో ఎవరో అడ్డుపడబోతే, నేనింకా పూర్తి చెయ్యలేదంది. ఆ రోజు ఆమె నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. మరకలక్కకు ఆనందంతో కళ్లు మసకబారాయి.

కాలేజీ అతన్ని పంపించేసింది. గలగల పెట్టిన పోలీసు కేసు మెల్లగా నడిచినా నిలబడింది. పొడి ప్యాంటే కాదు, తడిసిన చొక్కా కూడా పరీక్షలో సాక్ష్యానికి పనికొచ్చింది. అతనికి శిక్ష పడింది. మరకలక్క ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు. ఆవిడ లాండ్రీ గుమ్మం పక్కన కౌన్సెలర్ ఫోన్ నంబరు రాయించి అంటించుకుంది. మూటతో ఎవరొచ్చినా ఇప్పుడు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, మొహం చూసి, ఆ తర్వాతే నీళ్ల జోలికి వెళుతుంది. ఈ పద్ధతి చూస్తే అత్తగారు ఊరుకునేది కాదు.

చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన గలగల ఒకరోజు హాస్టల్‌కి వచ్చింది. దారి పొడుగునా అందర్నీ పలకరిస్తూ రావడంతో ఆమెకంటే ముందు ఆమె గొంతు లాండ్రీ చేరింది. కోర్టు తిరిగి ఇచ్చిన బట్టల సంచి మరకలక్క ఒళ్లో పెట్టింది.

“ఇప్పుడు ఉతకమంటావా?” అని అడిగింది మరకలక్క.

“ఎందుకక్కా కష్టం,” అంటూ గలగల ఆ చొక్కాను నేల మీద గుమ్మం దగ్గర పరిచి, వర్షంలో తడిసి వచ్చిన చెప్పుల బురదను దానికేసి తీరిగ్గా తుడుచుకుంది. “నువ్వూ తుడుచుకో.”

మరకలక్క తుడుచుకుంది. జీవితంలో మొదటిసారి ఒక బట్టకు మరక అవుతుంటే చూసి, కడుపు నిండా నవ్వింది.